గిట్‌లో ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు! మరి ఆ కోడ్ ఎవరు పంపారో నమ్మేదెలా?

మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల పనిచేసేది లైనక్స్ కెర్నల్. దాన్ని ఏ ఒక్క కంపెనీయో కూర్చుని రాయలేదు. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది పంపిన ప్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి చేరి ఇంతదయింది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్‌లో మనం వేసుకునే లీనియేజ్ ఓఎస్ కథా అంతే. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు కలిసి నడిపిస్తున్న ప్రాజెక్ట్ అది.

ఇంతమంది ఒకే కోడ్‌లో చెయ్యి పెడుతున్నప్పుడు, మధ్యలో ఒక దొంగ చెయ్యి దూరితే? ఇది ఊరికే భయపెట్టడానికి అడగట్లేదు. 2003లో లైనక్స్‌కి, 2021లో పీహెచ్‌పీకి, 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీకి నిజంగానే ఇది జరిగింది. ఈ ఆర్టికల్‌లో కమిట్‌కి సంతకం పెట్టడం అంటే ఏంటి, మీ ల్యాప్‌టాప్‌లో ఎలా సెట్ చేసుకోవాలి, మెర్జ్ చేసేవాళ్లు ఏం చూడాలి, సంతకం ఉన్నా మోసం ఎలా జరుగుతుంది అనేవి వరసగా చూద్దాం. గిట్‌లో కమిట్, పుష్, పుల్ రిక్వెస్ట్ తెలిస్తే చాలు, మిగతాదంతా ఇక్కడే అర్థమైపోతుంది.

ఆథర్ పేరు అనేది నేతి బీరకాయ

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ఫ్రెషర్లకి నేను మొదటివారంలోనే ఒక డెమో చూపిస్తాను. ఒక ఖాళీ రిపో తెరిచి, గిట్ కాన్ఫిగ్‌లో యూజర్ నేమ్ దగ్గర లైనస్ టోర్వాల్డ్స్ అని, ఈమెయిల్ దగ్గర ఆయన పబ్లిక్ ఈమెయిల్ పెట్టి ఒక కమిట్ కొడతాను. లాగ్ తీస్తే రాసింది లైనస్ అని చూపిస్తుంది. దాన్ని గిట్‌హబ్‌కి పుష్ చేస్తే ఆయన ఫొటో కూడా పక్కన వచ్చేస్తుంది. ఏ హ్యాకింగూ లేదు, ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు.

ఇది గిట్‌లో బగ్ కాదు, దాని తీరే అంత. 2005 ఏప్రిల్‌లో లైనస్ గిట్‌ని మొదలుపెట్టింది కెర్నల్ పని కోసం. అక్కడ ప్యాచ్‌లు ఈమెయిల్‌లో వస్తాయి. రాసేది ఒకరు, రిపోలో పెట్టేది ఇంకొకరు. అందుకే వేరేవాళ్ల పేరు ఆథర్‌గా పెట్టే వీలు ఉండి తీరాలి. పోస్ట్ కవర్ వెనక ఫ్రమ్ అడ్రస్ లాంటిది ఇది. ఏం రాసినా పోస్ట్‌మాన్ అడ్డు చెప్పడు. నేతి బీరకాయలో నెయ్యి ఎంత ఉంటుందో, ఆథర్ పేరులో సాక్ష్యం అంతే ఉంటుంది.

మరి గిట్‌హబ్ లాగిన్ అడుగుతుంది కదా అంటారా? అది పుష్ చేసే మనిషికి ఆ రిపోలోకి వచ్చే హక్కు ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. పుష్ చేసిన మూటలో ఉన్న ఒక్కో కమిట్ మీద ఎవరి పేరుందో, ఆ పేరు నిజమో కాదో పట్టించుకోదు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోంచే 2021లో దొంగ దూరాడు.

పీహెచ్‌పీలో జరిగింది ఇదీ

2021 మార్చి 28న పీహెచ్‌పీ అసలు సోర్స్ రిపోలోకి ఒక కమిట్ వచ్చింది. రాసింది పీహెచ్‌పీ సృష్టికర్త రాస్ముస్ లెర్డార్ఫ్ అని ఉంది. మెసేజ్ చూస్తే అక్షరదోషం సరిచేశాం అని. లోపల ఉన్నది మాత్రం బ్యాక్‌డోర్! వెబ్‌సైట్‌కి వచ్చే రిక్వెస్ట్‌లో యూజర్ ఏజెంట్ అనే హెడర్ ఉంటుంది కదా, దాని పేరు చివర టీ అక్షరం ఒకటి ఎక్కువగా పెట్టి ఒక ప్రత్యేకమైన పదంతో పంపితే, ఆ వెనక ఏ కోడ్ పంపినా సర్వర్ దాన్ని నడిపేస్తుంది.

మిగతా డెవలపర్లు కొన్ని గంటల్లోనే చూసి వెనక్కి తీసేశారు. వెంటనే నికితా పోపోవ్ అనే మరో ముఖ్య డెవలపర్ పేరుతో అదే కోడ్ మళ్లీ వచ్చింది. అదీ ఆయన పెట్టింది కాదు. ఇద్దరి పేర్లూ వాడుకున్నారంతే. ఆ రిలీజ్ బయటికి పోకుండా ఆగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే వెబ్‌లో పీహెచ్‌పీ మీద నడిచే సైట్లు ఎన్నో మీకు తెలిసిందే.

ఆ తర్వాత పీహెచ్‌పీ టీమ్ సొంత గిట్ సర్వర్‌ని పక్కనపెట్టి గిట్‌హబ్‌కి మారింది. రైట్ యాక్సెస్ కావాలంటే టూ ఫ్యాక్టర్ లాగిన్ తప్పనిసరి చేసింది. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. ఆ రెండు కమిట్ల మీదా పేరుంది, సంతకం లేదు. రాస్ముస్ కమిట్లు ఎప్పుడూ ఆయన కీతో సైన్ అయి వచ్చేవి, సైన్ లేనివి సర్వర్ తీసుకోదు అనే రూల్ ఉండి ఉంటే, ఆ పేరుతో దూరడం అంత తేలిక అయ్యేది కాదు.

సంతకం అసలు ఎలా పనిచేస్తుంది?

ఒక కమిట్‌ని విప్పి చూస్తే లోపల ఐదు విషయాలుంటాయి. అన్ని ఫైళ్లూ కలిపిన స్థితికి ఒక హ్యాష్, ముందు కమిట్ హ్యాష్, ఆథర్ పేరు, కమిట్ చేసినవాళ్ల పేరు, మెసేజ్. వీటన్నింటినీ కలిపి లెక్కేస్తే వచ్చేదే ఆ కమిట్ హ్యాష్. ఎక్కడ ఒక్క కామా మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. దాని తర్వాత వచ్చిన కమిట్లన్నీ పాత హ్యాష్‌ని పట్టుకుని ఉంటాయి కాబట్టి వాటి హ్యాష్‌లూ మారిపోతాయి. అంటే పాత చరిత్రని ఎవరికీ తెలియకుండా దిద్దడం కష్టం.

కానీ హ్యాష్ చెప్పేది ఏది మారలేదో మాత్రమే. ఎవరు పెట్టారో అది చెప్పదు. ఆ పని సంతకానిది. మీ దగ్గర రెండు కీలు ఉంటాయి. ప్రైవేట్ కీ మీ సిస్టమ్ దాటి బయటికి పోదు. పబ్లిక్ కీ ఎవరికైనా ఇవ్వొచ్చు. కమిట్‌లో ఉన్న ఆ ఐదు విషయాల మీద ప్రైవేట్ కీతో గిట్ ఒక లెక్క కడుతుంది, ఆ ఫలితాన్ని కమిట్‌లోనే అతికిస్తుంది. పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా దాన్ని సరిచూడొచ్చు, కానీ కొత్తగా తయారు చెయ్యలేరు. రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు మీద పేరు ఎవరైనా రాయొచ్చు, వేలిముద్ర మాత్రం ఆ మనిషే వెయ్యాలి కదా. దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ వేలిముద్ర ఆ ఒక్క దస్తావేజుకే పనికొస్తుంది, చింపి ఇంకోదానికి అతికిస్తే చెల్లదు.

చిన్న ఎస్, పెద్ద ఎస్: ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్

గిట్ కమిట్ కమాండ్‌కి చిన్న ఎస్ ఫ్లాగ్ ఇస్తే మెసేజ్ కింద సైన్డ్ ఆఫ్ బై అని మీ పేరు, ఈమెయిల్ వస్తాయి. పేరులో సైన్ అని ఉంది కదా అని ఇదే సంతకం అనుకుంటారు. కాదు! అది మామూలు టెక్స్ట్. ఎవరైనా ఎవరి పేరైనా టైప్ చెయ్యొచ్చు.

దాని పని వేరు. ఈ కోడ్ నేనే రాశాను, లేదా ఈ ప్రాజెక్ట్ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు నాకుంది అని మీరు మాట ఇస్తున్నట్టు. కెర్నల్‌లో ఎస్‌సీఓ అనే కంపెనీ కాపీరైట్ గొడవ నడుస్తున్న రోజుల్లో, 2004లో ఈ పద్ధతి వచ్చింది. అది చట్టం వైపు పని. పెద్ద ఎస్ ఫ్లాగ్ ఇస్తేనే కీతో అసలు సంతకం పడుతుంది. కొన్ని ప్రాజెక్ట్‌లు రెండూ అడుగుతాయి. పుల్ రిక్వెస్ట్ పంపేముందు ఆ ప్రాజెక్ట్ కాంట్రిబ్యూటింగ్ ఫైల్ ఒకసారి చదవండి, ఏది కావాలో అందులోనే ఉంటుంది.

మీ ల్యాప్‌టాప్‌లో సెటప్: పది నిమిషాల పని

ఒకప్పుడు దీనికి జీపీజీ ఒక్కటే దారి. దాన్ని సెట్ చేసుకోవడం నిజంగానే తలనొప్పి. 2021 నవంబర్‌లో వచ్చిన గిట్ 2.34 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కీతోనే సైన్ చెయ్యొచ్చు. 2022 ఆగస్టు నుంచి గిట్‌హబ్ కూడా వాటిని గుర్తిస్తోంది. మీ దగ్గర పుష్ చెయ్యడానికి ఎస్‌ఎస్‌హెచ్ కీ ఎలాగూ ఉంటే సగం పని అయిపోయినట్టే.

1. కీ లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్‌తో ఈడీ25519 రకం కీ తయారు చేసుకోండి. పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు ఎంటర్ కొట్టి వదిలెయ్యకండి. ల్యాప్‌టాప్ పోతే మిమ్మల్ని కాపాడేది అదొక్కటే.

2. గ్లోబల్ గిట్ కాన్ఫిగ్‌లో జీపీజీ ఫార్మాట్‌ని ఎస్‌ఎస్‌హెచ్ అని మార్చండి. పేరు జీపీజీ అని ఉన్నా కంగారు పడకండి, సెట్టింగ్ పేరు అదే.

3. యూజర్ సైనింగ్ కీ దగ్గర మీ పబ్లిక్ కీ ఫైల్ పాత్ ఇవ్వండి.

4. కమిట్ జీపీజీ సైన్, ట్యాగ్ జీపీజీ సైన్ రెండింటినీ ట్రూ చెయ్యండి. ఇక ప్రతిసారీ పెద్ద ఎస్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

5. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీలు దగ్గర అదే పబ్లిక్ కీని ఇంకోసారి యాడ్ చెయ్యండి. ఈసారి రకం దగ్గర ఆథెంటికేషన్ కాకుండా సైనింగ్ అని ఎంచుకోవాలి. అన్నీ చేసినా వెరిఫైడ్ రాలేదని కంప్లైంట్ చేసేవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కమిట్‌లో ఉన్న ఈమెయిల్ మీ అకౌంట్‌లో వెరిఫై అయి ఉందో లేదో కూడా చూసుకోండి.

6. చివరగా అదే సెట్టింగ్స్‌లో విజిలెంట్ మోడ్ ఆన్ చెయ్యండి. ఇకనుంచి మీ పేరుతో సైన్ లేకుండా ఎవరు కమిట్ పెట్టినా దాని పక్కన అన్‌వెరిఫైడ్ అని పడుతుంది. నేను ఫ్రెషర్లకి చూపించే డెమో మీ పేరు మీద ఎవరైనా చేస్తే అలా దొరికిపోతుంది.

మీ సిస్టమ్‌లోనే వేరేవాళ్ల సంతకాలు సరిచూడాలంటే ఎవరి ఈమెయిల్‌కి ఏ పబ్లిక్ కీ అని రాసిన ఒక ఫైల్ కావాలి. దాన్ని అలోడ్ సైనర్స్ ఫైల్ అంటారు. అది సెట్ చేసి లాగ్ కమాండ్‌కి షో సిగ్నేచర్ ఆప్షన్ ఇస్తే, గిట్‌హబ్ మాట నమ్మాల్సిన పని లేకుండా మీరే చూసుకోవచ్చు. కీ ఎక్కడా కాపీ కాకూడదు అనుకుంటే యూబీకీ లాంటి హార్డ్‌వేర్ కీ తీసుకోండి. ప్రైవేట్ కీ ఆ చిన్న డివైస్ దాటి రాదు, దాన్ని వేలితో తాకితేనే సైన్ అవుతుంది.

మెర్జ్ బటన్ నొక్కితే సంతకం ఏమవుతుంది?

మీరు కష్టపడి సైన్ చేసి పంపారు. మెయింటైనర్ గిట్‌హబ్‌లో బటన్ నొక్కాడు. మూడు రకాల మెర్జ్‌లో మూడు వేర్వేరు ఫలితాలు వస్తాయి.

మామూలు మెర్జ్ కమిట్: మీ కమిట్లు, వాటి సంతకాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. పైన కొత్తగా వచ్చే మెర్జ్ కమిట్‌కి గిట్‌హబ్ తన సొంత కీతో సైన్ చేస్తుంది.

స్క్వాష్: మీ కమిట్లన్నీ కలిసి ఒక కొత్త కమిట్ అవుతాయి. మెయిన్ బ్రాంచ్‌లో మీ సంతకం ఉండదు, గిట్‌హబ్ సంతకం ఉంటుంది. అంటే ఈ బటన్ మా సైట్‌లోనే నొక్కారు అని గిట్‌హబ్ చెబుతోంది, అంతే.

రీబేస్: కమిట్లన్నీ కొత్తగా తయారవుతాయి, హ్యాష్‌లు మారతాయి, పాత సంతకాలు చెల్లవు. ప్రైవేట్ కీ మీ దగ్గర ఉంది కాబట్టి గిట్‌హబ్ మీ తరఫున మళ్లీ సైన్ చెయ్యలేదు. సైన్ లేకుండానే వెళ్లిపోతాయి. సంతకాలు ముఖ్యం అనుకునే ప్రాజెక్ట్ ఈ బటన్‌ని ఆపేయడమే మేలు.

కెర్నల్‌లో ఇంకో పద్ధతి ఉంది. 2011 ఆగస్టులో కెర్నల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోకి ఎవరో దూరారని బయటపడ్డాక, సర్వర్‌ని నమ్మడం కాదు, మనిషి కీని నమ్మాలి అనే పద్ధతి గట్టిపడింది. 2012 జనవరిలో వచ్చిన గిట్ 1.7.9 దీనికి పనికొచ్చింది. ఒక్కో విభాగం మెయింటైనర్ తన పనికి సైన్ చేసిన ట్యాగ్ పెట్టి లైనస్‌ని తీసుకోమంటాడు. లైనస్ మెర్జ్ చేసినప్పుడు ఆ ట్యాగ్ సంతకం మెర్జ్ కమిట్‌లోనే రికార్డ్ అయిపోతుంది. పదేళ్ల తర్వాత ఎవరైనా తీసి చూసినా కనిపిస్తుంది.

గేటు దగ్గర ఎవరు కాపలా?

సంతకం ఒక్కటే సరిపోదు. కోడ్ లోపలికి వచ్చే దారి ఒక్కటే ఉండాలి, ఆ దారిలో ఇంకో మనిషి చూడాలి. 2003 నవంబర్‌లో లైనక్స్ కోడ్ బిట్‌కీపర్ అనే టూల్‌లో ఉండేది. దాని కాపీ ఒకటి సీవీఎస్ సర్వర్‌లో ఉండేది. ఎవరో ఆ కాపీలో రెండు లైన్లు దూర్చారు. యూజర్ ఐడీ సున్నానా అని పోల్చాల్సిన చోట రెండు ఈక్వల్ గుర్తులకి బదులు ఒకటే పెట్టారు. చూడ్డానికి టైపింగ్ తప్పులా ఉంది. నిజానికి అది పోల్చదు, యూజర్ ఐడీని సున్నా చేసేస్తుంది, అంటే ఆ ప్రాసెస్‌కి రూట్ ఇచ్చేస్తుంది! అసలు రిపోతో కాపీని సరిచూసినప్పుడు, ఈ మార్పుకి అక్కడ ఏ రికార్డూ లేదని తేలి దొరికిపోయింది.

ఇవాళ ఆ కాపలా పనిని సెట్టింగ్స్‌తో చెయ్యొచ్చు. మీ కాలేజీ ప్రాజెక్ట్ రిపో అయినా సరే, మెయిన్ బ్రాంచ్‌కి ఇవి పెట్టండి. నేరుగా పుష్ వద్దు, పుల్ రిక్వెస్ట్ ద్వారానే రావాలి. కనీసం ఒక్కరు అప్రూవ్ చెయ్యాలి. అప్రూవ్ అయ్యాక కొత్త కమిట్ వస్తే పాత అప్రూవల్ రద్దవ్వాలి. ఇది లేకపోతే మంచి కోడ్ చూపించి ఓకే అనిపించుకుని, ఆనక ఇంకోటి పుష్ చేసే వీలుంటుంది. సైన్ చేసిన కమిట్లే తీసుకోవాలి. ఫోర్స్ పుష్ బంద్. అడ్మిన్‌కి కూడా మినహాయింపు వద్దు.

లీనియేజ్ ఓఎస్, ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ రెండూ గెరిట్ అనే టూల్ వాడతాయి. ప్రతి మార్పుకీ అక్కడ ఓట్లు వేస్తారు. ప్లస్ వన్ అంటే నాకు బాగానే ఉంది, ఇంకొకరు చూడండి అని. ప్లస్ టూ వేసే హక్కు కొద్దిమందికే ఉంటుంది. అది పడితేనే లోపలికి దారి.

ఆటోమేషన్ మీదా కన్నేసి ఉంచాలి. 2025 మార్చిలో గిట్‌హబ్‌లో 23 వేలకు పైగా రిపోలు వాడే ఒక యాక్షన్‌లో దొంగ కోడ్ దూర్చి, పాత వెర్షన్ ట్యాగ్‌లన్నీ దానివైపు తిప్పేశారు. ఆ కమిట్ మీద ఉన్నది ఒక తెలిసిన బాట్ పేరు. మళ్లీ అదే నేతి బీరకాయ! బయటి యాక్షన్‌లు వాడితే వెర్షన్ ట్యాగ్ కాకుండా పూర్తి కమిట్ హ్యాష్ రాసుకోండి. ట్యాగ్‌ని జరపొచ్చు, హ్యాష్‌ని జరపలేరు.

సంతకం ఉన్నా మోసం: ఎక్స్‌జెడ్ కథ

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎక్స్‌జెడ్‌లో సరిగ్గా అదే జరిగింది. ఫైళ్లు కుదించే ఈ చిన్న లైబ్రరీని ఏళ్ల తరబడి చూసుకున్నది లాస్సె కొలిన్ అనే ఒక్క మనిషి, అదీ ఖాళీ టైంలో. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఒక అకౌంట్ పనికొచ్చే ప్యాచ్‌లే పంపుతూ వచ్చింది. మధ్యలో కొత్త అకౌంట్లు కొన్ని వచ్చి, పని నెమ్మదిగా ఉంది, ఇంకొకరికి అప్పగించండి అని లాస్సె మీద ఒత్తిడి తెచ్చాయి. చివరికి జియా టాన్ సహ మెయింటైనర్ అయ్యాడు. రిలీజ్‌లు కూడా తనే, తన కీతోనే సైన్ చేసి వదిలాడు.

2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ ఉంది. అసలు విషాన్ని టెస్ట్ ఫైళ్ల ముసుగులో రిపోలో పెట్టాడు. దాన్ని బయటికి తీసి బిల్డ్‌లో కలిపే చిన్న స్క్రిప్ట్‌ని మాత్రం గిట్‌లో పెట్టలేదు, డౌన్‌లోడ్ చేసుకునే రిలీజ్ టార్‌బాల్‌లోనే పెట్టాడు. గిట్‌లో ఎంత వెతికినా ఆ ముక్క కనిపించదు. ఇంకా విచిత్రం, ఆ బ్యాక్‌డోర్ కూడా సంతకం అడుగుతుంది. దాడి చేసినవాడి ప్రైవేట్ కీతో సైన్ అయిన కమాండ్ వస్తేనే తెరుచుకుంటుంది!

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ తన టెస్ట్ మెషిన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం అవుతోందని గమనించి, వదలకుండా తవ్వి, 2024 మార్చి 29న బయటపెట్టాడు. అప్పటికి ఆ వెర్షన్లు ఎక్కువగా డిస్ట్రోల టెస్టింగ్ ఎడిషన్లలోనే ఉన్నాయి కాబట్టి పెద్ద ప్రమాదం తప్పింది.

మరి సంతకం వల్ల లాభం ఏంటి? ఏ కీ ఏ రిలీజ్ మీద పడిందో రికార్డ్ ఉంది కాబట్టే, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అనుమానించాలో వెంటనే తేలింది. కానీ సంతకం చెప్పేది ఎవరు అని మాత్రమే. మంచిదా కాదా అనేది చెప్పదు. ఆ పని రివ్యూది. రివ్యూ చేసిన కోడ్, బిల్డ్ అయిన ఫైల్ ఒకటేనా అని చూడడం మూడో పని. ఈ మూడింట్లో ఏ ఒక్కటి వదిలేసినా మిగతా రెండూ వృథా అవ్వొచ్చు.

కీ పోతే అంతా పోయినట్టే

2022 చివర్లో ఆండ్రాయిడ్ సెక్యూరిటీ టీమ్ ఒక విషయం బయటపెట్టింది. సామ్‌సంగ్, ఎల్‌జీ, మీడియాటెక్ లాంటి కంపెనీల ప్లాట్‌ఫామ్ కీలతో సైన్ అయిన మాల్‌వేర్ యాప్‌లు దొరికాయి. ఫోన్ ఆ సంతకాన్ని చూసి సిస్టమ్ స్థాయి హక్కులు ఇచ్చేస్తుంది. దొంగ చేతిలో కీ పడితే సంతకమే వాడికి పాస్ అయిపోతుంది.

దీనికి రెండోవైపు లీనియేజ్ ఓఎస్. 2020 మేలో సాల్ట్‌స్టాక్ అనే టూల్‌లో ఉన్న లోపం వల్ల వాళ్ల సర్వర్లలోకి ఎవరో దూరారు. కానీ సైనింగ్ కీలు ఆ సర్వర్లకి సంబంధం లేకుండా వేరుగా ఉండడంతో బిల్డ్‌లకి, సోర్స్‌కి ఏమీ కాలేదు. సర్వర్ పడినా కీ నిలబడితే కోలుకోవచ్చు.

మీ ఫోన్‌లో కస్టమ్ రామ్ ఉంటే ఒక పని చెయ్యండి. బిల్డ్ ఫింగర్‌ప్రింట్ చివర రిలీజ్ కీస్ అని ఉందా, టెస్ట్ కీస్ అని ఉందా చూడండి. టెస్ట్ కీస్ అంటే ఆండ్రాయిడ్ సోర్స్‌తోపాటే అందరికీ దొరికే కీలు. ఆ లైన్‌ని రామ్ చేసినవాళ్లు మార్చి చూపించే వీలుంది కాబట్టి రిలీజ్ కీస్ అని ఉన్నంత మాత్రాన నమ్మెయ్యలేం. టెస్ట్ కీస్ అని వాళ్లే చూపిస్తుంటే మాత్రం అందులో బ్యాంకింగ్ యాప్ వాడే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇక గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కోసమో, రెజ్యూమె కోసమో మొదటి పుల్ రిక్వెస్ట్ పంపబోతున్నవాళ్లకి ఒక్క మాట. సైనింగ్ ఇవాళే సెట్ చేసుకోండి. మీ కమిట్ చిన్నదే కావచ్చు, డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషమే కావచ్చు. పీహెచ్‌పీలోకి బ్యాక్‌డోర్ వచ్చింది కూడా అక్షరదోషం సరిచేశాం అనే మెసేజ్‌తోనే కదా. రేపు మీ పేరుతో అలాంటిది ఇంకెవరైనా పంపితే, అది మీరు కాదని చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.